ఆటగాని ధర – ఆటగాని మాట

నిజామాబాదు మార్కెటు యార్డులో పసుపు రాశులు పోయుదురు. ఖరీదుదార్లు కొమ్ము విఱిచి, రంగు చూచి, ధర వేయుదురు. ఆ ధర నచ్చనియెడల ఏర్గట్లనుండి వచ్చిన రైతు 'నేనీయను' అని చెప్పి సంచులు మరల ఎత్తుకొనవచ్చును. అప్పుచేతను అక్కఱచేతను ఆ రైతు తఱచుగా తలయొగ్గుచున్నాడన్నది నిజమే. కాని అక్కఱచేత అమ్ముకొనుట వేఱు, కాదనుటకు హక్కే లేకుండుట వేఱు. కోట్లు పలుకుచున్న మన క్రికెట్టు హర్రాజులో అమ్ముడుపోవు ఆటగానికి పసుపు రైతునకున్న ఆ హక్కు కూడ లేదు.

ఈ మాట విని నవ్వువారుందురు. 2024 నవంబరు 24, 25 తేదీలలో అరేబియాలోని జెద్దా నగరమున ఐ.పి.ఎల్. మహా హర్రాజు జరిగెను. 1,574 మంది తమ పేర్లు నమోదు చేసికొనగా 182 మంది కొనబడిరి. వారికై వెచ్చించిన మొత్తము 639 కోట్ల 15 లక్షల రూపాయలు. రిషభ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్లకును, శ్రేయస్ అయ్యర్‌ను పంజాబు జట్టు 26 కోట్ల 75 లక్షలకును కొనెను. హైదరాబాదులో ఆటో నడుపుకొని జీవించిన తండ్రికి కొడుకైన మహమ్మద్ సిరాజ్ గుజరాతు జట్టునకు 12 కోట్ల 25 లక్షలకు పోయెను. ఇంత సొమ్ము పుచ్చుకొనువారికి హక్కులు లేవని విచారపడుట కడుపు నిండినవానికి అన్నదానము చేయుటవంటిది కాదా యని మన పఠనాలయములలో పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట సొమ్ము సంగతి. ఆటగాని ధర ఎవరి దయవలనను వచ్చినది కాదు. 2022లో ఈ పోటీల ప్రసారపు హక్కులను, 2023 మొదలు 2027 వఱకు అయిదేండ్లకు, బోర్డు 48,390 కోట్ల రూపాయలకు అమ్మెను. సగటున ఏడాదికి 9,678 కోట్లు. జట్లు పది. 2025లో ఒక్కొక్క జట్టు ఆటగాండ్ర క్రింద వెచ్చింపదగిన పరిమితి, ఆట ఆటకు ఇచ్చు రుసుముతో గూడ, 146 కోట్లు. అనగా పది జట్లకు 1,460 కోట్లు. ప్రేక్షకుల టికెట్లు, ప్రకటనలు మొదలగు ఇతరాదాయమును విడిచి, ప్రసారపు సొమ్ముతో మాత్రమే పోల్చి చూచినను, ఆటగాండ్రందఱి వాటా ఇంచుమించు నూటికి పదునైదు మాత్రమే. అమెరికాలో బాస్కెట్‌బాలు ఆటగాండ్రు తమ సంఘము మూలముగా ఒడంబడిక చేసికొని, ఆటవలన వచ్చు ఆదాయములో ఇంచుమించు సగము పొందుచున్నారు. కావున 27 కోట్లన్న అంకెను చూచి కన్నులు తిరుగనక్కఱ లేదు. చెట్టు కాసిన కాయలలో చెట్టునకు పోసిన నీరెంత యని అడుగుట తప్పు కాదు.

అయినను నా వాదము ధర చాలదని కాదు. ధర ఎట్లు ఏర్పడుచున్నదన్నదే నా వాదము. హర్రాజునకు ముందు ఆటగాడు తన కనీసపు ధర వ్రాసి యిచ్చును. అతని మాట అంతటితో సరి. ఏ జట్టు కొనిన ఆ జట్టునకు, ఏ నగరమైన ఆ నగరమునకు, సుత్తి పడిన ధరకు పోవలయును. ఒప్పందము మూడేండ్లదని పేరేగాని, ఏటేట ఉంచుకొనుటయు విడిచివేయుటయు జట్టు చిత్తము. విడిచిపోవుట ఆటగాని చిత్తము కాదు. 2024లో 23 కోట్ల 75 లక్షలకు కొనబడిన వెంకటేశ్ అయ్యర్‌ను కలకత్తా జట్టు ఒక్క యేటికే విడిచివేయగా, 2025 డిసెంబరు హర్రాజులో బెంగుళూరు జట్టు అతనిని 7 కోట్లకు కొనెను. జట్టు కాదనవచ్చును, మఱి ఆటగాడు కాదన్నచో? కొనబడిన పిదప రానని చెప్పిన ఇంగ్లండు ఆటగాడు హారీ బ్రూక్‌ను 2025లో రెండేండ్లపాటు బహిష్కరించిరి. ఒకే కాగితముపై ఇరువురు సంతకము చేసినప్పుడు ఒకనికి తలుపు తెఱచియుంచి, మఱియొకనికి తాళము వేయుటను ఏ న్యాయవాదియు సమానమైన ఒడంబడిక అనజాలడు.

అంతకంటె విచిత్రమైన ఉదాహరణము 2010 నాటిది. రవీంద్ర జడేజా అప్పటికి రాజస్థాను జట్టువాడు. ఆ జట్టుతో ఒప్పందమును పొడిగించుకొనక, మఱియొక జట్టుతో తానే స్వయముగా బేరము సాగించెనను నేరముపై అతనిని ఆ సంవత్సరపు పోటీలనుండి వెలివేసిరి. నేరమేమన, తన పనికి తాను బేరమాడుట! కూలివాడు మేస్త్రితో మాటలాడును. గుమాస్తా షావుకారుతో మాటలాడును. వకీలు కక్షిదారుతో మాటలాడును. దేశము నెత్తిన పెట్టుకొను ఆటగాడు మాత్రము మాటలాడరాదు.

ఇప్పుడు నిలుపుదల యను పద్ధతి ఒకటి గలదు. హర్రాజునకు ముందు జట్టు తన ఆటగాండ్రలో కొందఱిని ఒప్పించి ఉంచుకొనవచ్చును. ఇష్టము లేనివాడు హర్రాజునకు పోవచ్చును. 2024 అక్టోబరులో హైదరాబాదు యువకుడు తిలక్ వర్మను ముంబయి జట్టు 8 కోట్లకును, విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాదు జట్టు 6 కోట్లకును నిలుపుకొనెను. అంతకుముందు నితీశ్ 20 లక్షలకు ఆడుచుండినవాడు. ఈ ఒక్క చోట ఆటగానికి 'ఔను', 'కాదు' అను రెండక్షరములు దక్కినవి. కాని ఆ మాటలు కూడ మూసిన గదిలో, ఒక వంక కంపెనీ లెక్కల నిపుణులును, మఱియొక వంక ఇరువది యేండ్ల పిల్లవాడును కూర్చుండి ఆడవలసినవే. వాని వెనుక నిలుచు సంఘము లేదు.

సంఘము లేనిచో త్యాగమునకు గూడ విలువ లేదని చెప్పుటకు మన వి.వి.యస్. లక్ష్మణ్ కథ చాలును. 2008లో మొదటి హర్రాజునకు ముందు కొన్ని నగరములకు ప్రతీకగా ఒక్కొక్క మేటి ఆటగానిని నిర్ణయించి, జట్టులో అత్యధిక వేతనము పొందువానికంటె నూటికి 15 వంతులు హెచ్చుగా అతనికి చెల్లింపవలయునని నియమము చేసిరి. హైదరాబాదు డెక్కన్ ఛార్జర్స్ జట్టునకు ఆ గౌరవము లక్ష్మణ్‌ది. తనకు పోవు సొమ్ము మిగిలినచో మంచి ఆటగాండ్రను కొనవచ్చునని తలచి, ఆయన ఆ పదవిని తానే వదలుకొనెను. ఆ జట్టు సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకును, గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షల డాలర్లకును కొనెను. లక్ష్మణ్‌కు దక్కినది 3 లక్షల 75 వేలు. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వమున జట్టు గెలిచెను. 2011 హర్రాజులో లక్ష్మణ్‌ను కొనినది హైదరాబాదు కాదు, కొచ్చి జట్టు. ఆ జట్టు ఒక్క యేటికే రద్దయ్యెను. 2012 హర్రాజులో ఆయనను కొనువారే లేకపోయిరి. ఎవరిపైనను నింద మోపుటకు దీనిని వ్రాయుట లేదు. పెద్దమనిషి తరహా ఒక వైపే యుండి, రెండవ వైపు హర్రాజు సుత్తి మాత్రమే యున్నచో ఫలితమిట్లే యుండునని చెప్పుచున్నాను.

మన ఆటగాడు పూర్వము రాజాశ్రితుడు. నాగపురములో పుట్టిన తెలుగు వంశీయుడు కర్నల్ సి.కె. నాయుడు, 1932లో భారత జట్టునకు తొలి టెస్టు నాయకుడైనవాడు, హోల్కరు సంస్థానపు కొలువులో నుండెను. 1936లో ఇంగ్లండునకు పోయిన జట్టునకు విజయనగర రాజకుమారుడు నాయకుడైనది ఆటబలముచేత కాదని లోకమెఱుగును. ఆ కాలము గతించినది. రాజుల స్థానమున కంపెనీలు వచ్చినవి, కానుకల స్థానమున కోట్లు వచ్చినవి. కాని ఆశ్రితుడు ఇంకను ఆశ్రితుడుగనే యున్నచో మనము సంపాదించుకొన్న స్వాతంత్ర్యము ఆటస్థలపు గేటువద్ద ఆగిపోయినదని యనుకొనవలయును.

ఈ చిక్కును ముందుగా అనుభవించి విప్పుకొన్నవారు అమెరికాలోని బేస్‌బాలు ఆటగాండ్రు. అది మన క్రికెట్టువలె బంతియు బద్దయు గల ఆట. 1879 మొదలుకొని అక్కడి జట్ల యజమానులు తమలో తాము ఒక కట్టుబాటు చేసికొనిరి: ఒకసారి ఒక జట్టునకు సంతకము చేసిన ఆటగాడు ఒప్పందము ముగిసినను ఆ జట్టువాడే, వారు అమ్మిననే మఱియొక చోటికి పోవలయును. 1966లో ఆటగాండ్ర సంఘము ఉక్కు కార్మికుల సంఘములో పనిచేసిన మార్విన్ మిల్లర్ అను ఆర్థిక నిపుణుని నియమించుకొనెను. ఆయన 1968లో సాధించిన మొదటి ఉమ్మడి ఒడంబడికవలన కనిష్ఠ వేతనము ఏటికి 6 వేల డాలర్లనుండి 10 వేలకు పెరిగెను. పాఠకులు గమనింపవలయును: సంఘము మొదట సాధించినది మేటివానికి మేడ కాదు, చిన్నవానికి నేల.

1969లో కర్ట్ ఫ్లడ్ అను నల్లజాతి ఆటగానిని సెయింట్ లూయిస్ జట్టువారు ఫిలడెల్ఫియాకు మార్చివేసిరి. ఏటికి 90 వేల డాలర్లు పొందుచున్న అతడు, తాను కొని అమ్మదగిన వస్తువును కానని లేఖ వ్రాసి, న్యాయస్థానమున కెక్కెను. 1972లో సుప్రీంకోర్టు అయిదుగురు ముగ్గురు తీర్పుతో అతడోడిపోయెను. అతని ఆటజీవితమును ముగిసెను. కాని బాట పడినది. 1975లో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అను ఇద్దఱి విషయమున మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆ శాశ్వత బంధమును త్రెంచివేసెను. ఆ సంవత్సరమున ఇంచుమించు 45 వేల డాలర్లుగా నున్న సగటు వేతనము 1992 నాటికి పది లక్షలు దాటెను. 2023లో షోహెయి ఒహ్తాని పదేండ్లకు 70 కోట్ల డాలర్లకు ఒప్పుకొనెను. అందు 68 కోట్లు పదేండ్లు గడచిన తరువాతనే తనకీయవలయునని, అప్పటివఱకు ఆ వెసులుబాటుతో జట్టును బలపఱుపవలయునని తానే కోరెను. లక్ష్మణ్ త్యాగమునకును దీనికిని భేదము చూడుడు. అక్కడ ఇచ్చిన మాటకు కాగితము గలదు. ఇచ్చినదానికి ప్రతిగా పుచ్చుకొన్నది గలదు. బేరమనగా ధర యొక్కటియే కాదు. ఎన్నేండ్లు, ఎక్కడ, ఎప్పుడు చెల్లింపు అను షరతులన్నియు బేరమే.

మన చట్టము ఈ విషయమున మూగది కాదు. 1872 నాటి భారత కంట్రాక్టు చట్టములోని 27వ సెక్షను ప్రకారము, న్యాయమైన వృత్తిని సాగింపకుండ మనుష్యుని నిరోధించు ఒడంబడిక ఆ మేరకు చెల్లదు. 2006లో జహీర్ ఖాన్‌కును అతని ప్రకటనల వ్యవహారములు చూచిన ఒక కంపెనీకిని నడిచిన వ్యాజ్యములో, ఒప్పందపు గడువు తీరిన పిమ్మట గూడ ఆటగానిని కట్టివేయు షరతు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. గడువులోపలి కట్టుబాట్లను ఆ సెక్షను సాధారణముగా తాకదు; తాకనక్కఱయు లేదు. మాట యిచ్చినవాడు మాట నిలుపుకొనవలసినదే. కాని ఆ మాట ఇచ్చునప్పుడు నోరుండవలయును గదా!

పసుపు రైతు హక్కును చెప్పితిని. ఇక చెఱకు రైతు సంగతి చెప్పెదను. బోధను ప్రాంతమువారికి ఒకే కొనుగోలుదారునకు కట్టుబడుట ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱ లేదు. చెఱకు నఱికిన తరువాత ఎండిపోవును, దూరము మోయరాదు, కావున ఒక్కొక్క మిల్లునకు ఒక్కొక్క ప్రాంతమును కేటాయించుట ఆచారమైనది. ఇట్లు రైతును కట్టివేసినందుకు బదులుగా 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తరువు మిల్లును గూడ కట్టివేసినది. ధరకు ఒక కనిష్ఠ హద్దు గలదు. సరకు చేరిన 14 దినములలో సొమ్ము చెల్లింపవలయును. ఆలస్యమైనచో నూటికి ఏటికి 15 వంతుల వడ్డి. ఇది న్యాయము: ఒకనిని బంధించితివా, బదులుగా వానికి రక్షణ కల్పింపుము. ఆ రక్షణయు చాలలేదు. 1937లో స్థాపితమై, ఆసియాలోనే పెద్దదని పేరుగాంచిన బోధను నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతులలోనికి పోయి, 2015లో మూతపడినప్పుడు రైతును కార్మికుడును ఏమైరో శక్కర్‌నగరు వీధులు చెప్పును. ఒకే కొనుగోలుదారుని నమ్ముకొన్నవాని బ్రతుకు ఆ కొనుగోలుదారుని ఆయువుతో ముడిపడి యుండును.

క్రికెట్టులోను ఇదే జరిగినది. కొచ్చి జట్టు 2011లో రద్దుకాగా, తమకు రావలసిన సొమ్ములో మూడవ వంతునకు మించి ఇంకను రాలేదని ఆస్ట్రేలియా ఆటగాడు బ్రాడ్ హాడ్జ్ పదేండ్ల తరువాత, 2021లో, బహిరంగముగా వాపోయెను. చెఱకునకు పదునాలుగు దినముల గడువు. మనిషి చెమటకు పదేండ్లు!

ప్రతివాదము ఒకటి గలదు, దానిని దాటిపోరాదు. హర్రాజును పరిమితిని తీసివేసినచో ధనవంతులైన యజమానులు మేటి ఆటగాండ్రనందఱిని తామే కొనుకొని, పోటీ చప్పబడిపోవునందురు. ఇది ఆలోచింపదగిన మాట. జట్లు సమబలముగా నున్ననే ఆటకు రుచి. కాని వ్యయపరిమితి యుండుట వేఱు, ఆ పరిమితిని యజమానులును బోర్డును తామే కూర్చుండి నిర్ణయించుకొనుట వేఱు. అమెరికా బాస్కెట్‌బాలులోను పరిమితి గలదు; అది ఆటగాండ్ర సంఘముతో మాటలాడి ఏర్పఱచినది. ఇచ్చట 2025 డిసెంబరులో ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ గ్రీన్‌ను కలకత్తా జట్టు 25 కోట్ల 20 లక్షలకు పాడగా, విదేశీయునకు 18 కోట్లే యను నియమముచేత మిగిలిన 7 కోట్ల 20 లక్షలు బోర్డు పాలయ్యెను. ఆటగాండ్ర సంక్షేమమునకే వినియోగింతుమని బోర్డు చెప్పుచున్నది. మంచిదే, కాని ఏ ఆటగాండ్రనడిగి ఈ ఏర్పాటు చేసిరి?

ఇక అసలు బాధ మేటివానిది కాదు. రంజీ పోటీలలో ఆడు క్రొత్తవానికి 2021 నాటి నిర్ణయము ప్రకారము దినమునకు 40 వేల రూపాయలు. నాలుగు దినముల ఆటలు ఏడు ఆడినచో 11 లక్షల 20 వేలు. జెద్దాలో పలికిన అగ్రస్థానపు ధర దానికి ఇన్నూట నలుబది రెట్లకు మించినది. ఆ రంజీ పిల్లవానికి గాయమైనచో, జట్టులో చోటు తప్పినచో, అడుగువారెవరు? 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘములో ఆట విరమించినవారికే సభ్యత్వము, ఆడుచున్నవారికి లేదు. ఆడునంతకాలము నోరు మూసికొని, ఆట చాలించిన తరువాత సంఘములో చేరుమనుట, పంట కోసిన తరువాత నీరు వదలుటవంటిది.

2017లో ఆస్ట్రేలియాలో జరిగినది మనకు పాఠము. అక్కడి బోర్డు ఆదాయపు వాటా పద్ధతిని మార్చి, అగ్రశ్రేణివారికి మాత్రము హెచ్చుగా నిచ్చి, రాష్ట్రపు ఆటగాండ్రను వేఱుచేయదలచెను. స్మిత్, వార్నర్ మొదలగు మేటి ఆటగాండ్రు ఆ యెరకు లోబడక, 230 మందితోపాటు తామును ఒప్పందము లేక నిలిచిరి. ఆగస్టులో రాజీ కుదిరెను. ఆదాయపు వాటా నిలిచెను, స్త్రీలకును అందు చోటు దొరికెను. మేటివాని బేరము చిన్నవానికి గొడుగైనప్పుడే దానికి నీతిబలము కలుగును. మన తారలకు ఈ సంగతి జ్ఞాపకము చేయుట పత్రికల ధర్మము.

మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ముష్టియుద్ధమున జగజ్జేత్రి యయ్యెను. ప్రభుత్వము 2 కోట్ల రూపాయలును ఇంటిస్థలమును ప్రకటించెను, 2024లో డి.ఎస్.పి. ఉద్యోగమిచ్చెను. సంతోషము. కాని ఇనాము గెలిచిన తరువాత వచ్చునది. జీతము గెలుచుటకు ముందు కావలసినది. ఇనాము దాత దయ; జీతము పనివాని హక్కు. కోట్ల క్రికెట్టులోనే ఆటగానికి హక్కు స్థిరపడనిచో, ముష్టియుద్ధమున, హాకీయందు, కబడ్డీయందు చెమటోడ్చు మన బాలబాలికలకు ఎక్కడ స్థిరపడును? మన పల్లెల చెడుగుడు గూడ నేడు హర్రాజునకెక్కినది. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ జట్టు 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకొనెను. నేడు క్రికెట్టులో పడిన త్రోవయే రేపు తక్కిన ఆటలకును త్రోవ.

ఇప్పటి ప్రసారపు ఒప్పందము 2027తో ముగియును. ఆటగాండ్రను నిలుపుకొను నియమములును ఆ సంవత్సరము వఱకే. క్రొత్త నియమములు వ్రాయు కాలము దగ్గఱ పడినది. అవి వ్రాయక ముందే మూడు సంగతులు సాధింపవలయును. ఆడుచున్న స్త్రీ పురుషులకు సభ్యత్వముగల సంఘమును బోర్డు గుర్తించి, వ్యయపరిమితిని దానితో సంప్రదించి నిర్ణయింపవలయును. నియమిత కాలము ఒక జట్టునకు ఆడిన పిదప ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో స్వేచ్ఛగా బేరమాడుకొను హక్కు పొందవలయును. పోటీల ఆదాయములో నిర్ణీత భాగము రంజీ ఆటగానికిని, గాయపడినవానికిని చేరవలయును. చెల్లింపు ఆలస్యమైనచో చెఱకునకువలెనే వడ్డి పడవలయును.

లక్షలు పుచ్చుకొనువానిని వెట్టివానితో పోల్చుట తగదు; వెట్టి యనిన ఏమో ఈ జిల్లా పెద్దలకు తెలియును. కాని స్వేచ్ఛకు కొలమానము కూలి మొత్తము కాదు, 'కాదు' అనగల శక్తి. అది పసుపు రైతునకు యార్డులో ఎంతవఱకు గలదో మనము అడుగుచున్నాము, అడుగవలసినదే. అట్లే ఆటగానికిని గలదా యని అడుగుదము. ధర ఎంతైనను పలుకనిండు. ఆ ధరలో ఆటగాని మాటయు ఒకటి పలుకవలయును.